స్టేషన్ బండికి సెట్టు, సైరన్ బిగించేటప్పుడు ఎయిర్ బ్యాగ్ జోలికి పోకుండా ఎట్ల చేయాల

నేను కర్నూల్లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తా, 14 ఏళ్లయింది, పోలీస్ బండ్లకి వైర్‌లెస్ సెట్లు, సైరన్లు, పైన లైట్ బార్లు బిగించే పని కూడా మా దగ్గరికి వస్తుంటాది. డ్రైవర్ డ్యూటీ చేసే అన్నలకీ, నాలాగా ఈ పని చేసేవాళ్లకీ ఇది గట్టిగా చెప్పాలనే రాస్తాండా. పాత బొలెరోల్లో ఎయిర్ బ్యాగ్ అనేదే లేదు కాబట్టి డ్యాష్‌బోర్డు మీద యాడ ఖాళీ కనపడితే ఆడ స్క్రూ దించేవాళ్లం, ఎవరూ అడిగింది లేదు. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకి డ్రైవర్ వైపు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి చేసినారు, ఆ తర్వాత పక్క సీటుకి కూడా వచ్చింది. బండ్లు మారినాయి గాని మన చేతి అలవాటు మారలేదు.

పోయిన ఎండాకాలం ఒక బండి వచ్చింది, మీటర్లో ఎస్‌ఆర్‌ఎస్ లైటు, అంటే ఎయిర్ బ్యాగ్‌లో తేడా ఉంటే చూపించే లైటు, ఆరడం లేదని. చూస్తే ఎడమ వైపు డ్యాష్‌బోర్డు మీద, సరిగ్గా ఎయిర్ బ్యాగ్ అని అక్షరాలు అచ్చేసి ఉన్న మూత మీదనే, ఇనుప పట్టీ పెట్టి సెట్టు బిగించినారు, నాలుగు స్క్రూలు. పట్టీ ఊడదీసి లోపలికి టార్చి కొట్టి చూస్తే ఒక స్క్రూ మొన బ్యాగ్ మడతకి అర అంగుళం దూరంలో ఆగి ఉంది. సైరన్‌కి కరెంటేమో సీటు కింద ఎయిర్ బ్యాగ్‌ది పసుప్పచ్చ వైరు కోసి లాగినారు, లైటు వెలిగేది అందుకే. ఆ సీట్లో రోజూ ఎస్సై సార్ కూర్చుంటాడు. గుద్దుకుంటే ఆ బ్యాగ్ గంటకి 200, 300 కిలోమీటర్ల స్పీడుతో బయటికి వస్తాది, సెకండులో ముప్పయ్యో వంతు, అంత సేపట్లో నిండిపోతాది, అంటే కన్నురెప్ప వేసే లోపే ఆ సెట్టు, ఆ పట్టీ, ఆ స్క్రూలు అన్నీ సార్ మొహం మీదకే. నాకు ఆ రోజు చెయ్యి వణికింది.

అందుకని బిగించే ముందు బండిని ఒకసారి చూసుకోండి. స్టీరింగ్ మధ్యలో, ఎడమ డ్యాష్‌బోర్డు మీద, కొత్త బండ్లలో అయితే సీటు పక్క అంచున, అద్దం పక్క స్తంభం మీద కూడా ఎయిర్ బ్యాగ్ అనో ఎస్‌ఆర్‌ఎస్ అనో రాసి ఉంటాది. అది రాసి ఉన్న చోటా, అది తెరుచుకుని మనిషి వైపు వచ్చే దారిలోనూ ఏదీ ఉండకూడదు, స్టిక్కర్ కూడా వద్దు, దేవుడి బొమ్మ కూడా పక్కకి జరపండి, దేవుడు ఏమీ అనుకోడు. సెట్టుకి మంచి చోటు రెండు సీట్ల మధ్య, గేరు ముందర కింద భాగం. మైకు కూడా ఆడనే తగిలించాల, స్ప్రింగు వైరు స్టీరింగ్ మీదుగా వేలాడకుండా చూడండి. లైట్ బార్ వైరు పైనుంచి కిందికి దించేటప్పుడు చానామంది ముందు స్తంభం లోపల నుంచి తోసేస్తారు, ఆడ కర్టెన్ ఎయిర్ బ్యాగ్, అంటే పక్క అద్దాలకి తెరలాగా దిగేది, ఉండే బండి అయితే అది దానికి అడ్డం పడతాది, కంపెనీ వైరింగ్ బొమ్మ చూసి గాని డ్రిల్లు పెట్టద్దండి.

వైర్ల సంగతి. పసుప్పచ్చ తొడుగు, పసుప్పచ్చ కనెక్టర్ కనపడితే అది ఎయిర్ బ్యాగ్‌దే అనుకోండి, దాన్నుంచి కరెంటు లాగద్దు, టెస్ట్ లైటు పెట్టద్దు, మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడద్దు, మీటర్ ఇచ్చే చిన్న కరెంటుకే పేలే అవకాశం ఉంది. డ్యాష్‌బోర్డు విప్పాలంటే తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఆగాల. ఎయిర్ బ్యాగ్‌ని నడిపే కంప్యూటర్ లోపల కెపాసిటర్ అనే పార్టులో కరెంటు కాసేపు నిలిచే ఉంటాది, ఎంతసేపు అనేది బండిని బట్టి కంపెనీ పుస్తకంలో ఉంటాది, నేనైతే టీ తాగి వచ్చి పది నిమిషాల తర్వాతనే చెయ్యి పెడతా. సైరన్‌కి, లైట్లకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, వేరే ఫ్యూజు, వేరే రిలే.

ముందర ఇనుప గార్డు గురించి కూడా చెప్పాల. గుద్దుడు ఎంత గట్టిదో బంపర్ వెనకా లోపలా ఉండే సెన్సార్లు పసిగట్టి బ్యాగ్‌ని తెరుస్తాయి. మనం అడ్డంగా పెద్ద పైపులు వెల్డింగ్ చేస్తే ఆ లెక్క తప్పుతాది, బ్యాగ్ లేటుగా తెరుచుకోవచ్చు, తెరుచుకోకనే పోవచ్చు. 2017 డిసెంబర్లోనే కేంద్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూపించి ఇవి తీసేయించండని రాష్ట్రాలకి రాసింది. ఊళ్లో జనాల బండ్లకి ఇవి తీయించేది పోలీసోళ్లే, కాబట్టి వాళ్ల బండికి ఉండకపోతేనే బాగుంటాది.

ఇంక కూర్చునేవాళ్ల సంగతి, డ్రైవర్ అన్నా, ఇది నీకే. ఎయిర్ బ్యాగ్ సీట్ బెల్టుకి తోడుగా పనిచేసేది, దాని బదులు కాదు. బ్రేకు కొట్టగానే బెల్టు లేని మనిషి ముందుకి జారతాడు, అప్పుడే బ్యాగ్ మొహానికి ఎదురొస్తాది, కాపాడాల్సిందే మెడ విరుస్తాది. పిస్టల్ పౌచ్ అడ్డమొస్తాందని, టింగ్ టింగ్ సౌండు ఆపడానికి బకిల్‌లో ఉత్త క్లిప్పు పెట్టినవాళ్లని ఎంతమందినో చూసినా. 2023లో సెంట్రల్ కన్జ్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ ఆన్‌లైన్ కంపెనీలతో ఇవి అమ్మకం ఆపించింది, ఇంకా బండిలో ఉంటే ఈరోజే పీకి పారేయండి, పౌచ్‌ని కొంచెం వెనక్కి జరుపుకుంటే బెల్టు పడతాది. స్టీరింగ్ మధ్య నుంచి ఛాతీకి 10 అంగుళాలు, అంటే జానెడు కన్నా కొంచెం ఎక్కువ, దూరం ఉండాల. స్టీరింగ్ మీద చెయ్యి అడ్డంగా వేసి తిప్పద్దు. పక్క సీట్లో సార్ ఒళ్లో లాఠీ, రైఫిల్ నిలబెట్టుకోవడం, డ్యాష్‌బోర్డు మీద కాళ్లు చాపడం, ఇవన్నీ వద్దు, చెప్పడానికి నీకు మొహమాటమైతే నా పేరు చెప్పు. రెగ్జిన్ సీట్ కవర్లు కుట్టించేటప్పుడు సీటు పక్కన ఎయిర్ బ్యాగ్ ట్యాగ్ ఉంటే ఆ కుట్టు దగ్గర తెరుచుకునే కవరే అడగండి.

యాక్సిడెంట్ స్పాట్‌కి ముందు పోయేది మీరే, 44వ హైవే మీద అయినా, గువ్వలచెరువు ఘాట్‌లో అయినా. తెరుచుకోని బ్యాగ్ ఇంకా ప్రాణంతో ఉన్నట్టే లెక్క. పక్క బ్యాగ్‌లకి 5 అంగుళాలు, స్టీరింగ్‌కి 10, ఎడమ డ్యాష్‌బోర్డుకి 20 దూరంలో మీ తల, చెయ్యి ఉండేట్టు చూసుకుని లోపలి మనిషిని పట్టుకోండి, వీలైతే ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. తెరుచుకున్న బ్యాగ్ కాసేపు కాలుతాంటాది, తెల్ల పొడి రాలుతాది, అది కళ్లకి మంట, పని అయినాక సబ్బుతో చేతులు కడుక్కోవాల.

ఒకసారి తెరుచుకున్న బ్యాగ్‌ని మడిచి మళ్లీ పెట్టేది ఉండదు. బ్యాగ్, దాని కంప్యూటర్, బెల్టు బిగించే పార్టు అన్నీ కంపెనీ చెప్పినట్టు కొత్తవే వేయాల, ఉత్త మూత అతికించి లైటు వైరు పీకేసే పని మాత్రం ఎవరు డబ్బులిచ్చినా చేయద్దండి. రోజూ పొద్దున తాళం ఆన్ చేసినప్పుడు ఎస్‌ఆర్‌ఎస్ లైటు వెలిగి, ఐదారు సెకండ్లలో ఆరిపోవాల. వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా డ్యూటీ బుక్‌లో రాసి బండిని సర్వీస్‌కి పంపండి.