బండి మీది రంగుకే కలపాలి, ఫైలులోని రంగుకు కాదు

వ్యానుకు ఒక డోరు దెబ్బతిని, దాని మీది గ్రాఫిక్ (వినైల్ అనే ప్లాస్టిక్ స్టిక్కరు మీద ప్రింట్ చేసిన బొమ్మ) ఒక్కటే మార్చాల్సి వచ్చినప్పుడు చాలామంది పాత డిజైన్ ఫైలు తెరిచి నేరుగా ప్రింట్ తీస్తారు. నేనైతే ఆ పని చేయనివ్వను. ఫైలులో ఉన్నది బండి కొత్తగా ఉన్నప్పటి రంగు. ఎండలో తిరిగిన పక్క ప్యానెల్ ఇప్పుడు ఆ రంగులో ఉండదు. సిరాల్లో పసుపు, మెజెంటా సాధారణంగా ముందు వెలుస్తాయి, నీలం, నలుపు ఎక్కువ కాలం నిలుస్తాయి. అందుకే పాత ఆకుపచ్చ నీలి ఛాయకు తిరుగుతుంది, ఎరుపు పాలిపోతుంది.

ముందుగా పక్క ప్యానెల్‌ను సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. దుమ్ము పొర మీద తీసిన కొలత దుమ్ము కొలతే. తర్వాత కొత్త ముక్క చేరబోయే అంచు దగ్గరే రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌తో నాలుగైదు చోట్ల ల్యాబ్ (L*a*b*) విలువలు, అంటే రంగును చెప్పే మూడు సంఖ్యలు, తీసుకుని సగటు కట్టండి. బానెట్ మీద కొలిచి డోరుకు వాడకండి, పైకి తిరిగిన భాగాలు ఎక్కువగా వెలుస్తాయి. ఫోను ఫొటోను అసలు నమ్మవద్దు, కెమెరా తెలుపును తనకు తోచినట్టు సర్దుకుంటుంది.

ఇక నమూనాల పని. ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. నాజిల్ చెక్ (సిరా రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే ప్రింట్) తీసి, అసలు పనికి వాడబోయే వినైల్ రోలు మీదే, అదే ప్రొఫైల్‌తో (ఆ వినైల్‌కు తగిన ప్రింటర్ రంగు సెట్టింగులతో), కొలిచిన రంగును మధ్యలో పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా తేడాలున్న గడులు ప్రింట్ చేయండి. వినైల్ తెలుపులు అన్నీ ఒకటి కావు, ఆ తేడా లేత రంగుల్లో వెంటనే బయటపడుతుంది. సాల్వెంట్ (ద్రావకం కలిసిన) సిరా అయితే కనీసం ఒక రోజు ఆరనిచ్చి, ఆ తర్వాతే లామినేషన్ (ప్రింట్ మీద పారదర్శక రక్షణ పొర) వేయండి. గ్లాసీ (మెరిసే) లామినేట్ రంగును ముదురుగా చూపిస్తుంది, మాట్ (మెరుపు లేనిది) కొంచెం పాలిపోయినట్టు చూపిస్తుంది. లామినేషన్ లేని నమూనాను చూసి తీర్పు చెప్పడం వృథా.

ఆ నమూనాను ప్యానెల్‌కు ఆనించి, పగటి వెలుతురులో నీడపట్టున ఒకసారి, షాపు లైట్ల కింద ఒకసారి చూడండి. ఒక వెలుతురులో కలిసిన రంగులు మరో వెలుతురులో విడిపోవచ్చు. బండి తిరిగేది బయట కాబట్టి నేను పగటి వెలుతురుకే ఓటు వేస్తాను. డెల్టా ఈ, అంటే రెండు రంగుల మధ్య తేడాను చెప్పే సంఖ్య, 2 లోపు వస్తే నాకు చాలు. 3 దాటితే పక్కపక్కన పెట్టినప్పుడు కన్ను పట్టేస్తుంది.

మెరిసే నారింజ, గాఢమైన ఆకుపచ్చ వంటివి నాలుగు సిరాలకు అందకపోవచ్చు. అప్పుడు గంటల తరబడి సంఖ్యలు మార్చడం కంటే రంగు వినైల్ కోసి అతికించడం మేలు. అతుకును డోరు సందు దగ్గరకే తెండి, మధ్యలో ఆ ఖాళీ ఉంటే చిన్న తేడా కనబడదు. బండి మరీ వెలిసిపోయి, రంగు ప్యానెల్‌కో తీరుగా ఉంటే, ఆ పక్కంతా మార్చాలని యజమానికి ప్రింట్ మొదలుపెట్టక ముందే చెప్పండి.