ట్రేడ్ జరిగిన రాత్రి: జట్టు నిర్ణయాన్ని అభిమాని ఎలా తూచాలి

అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ అభిమాని ఎవరికైనా ట్రేడ్ (జట్లు ఆటగాళ్లను మార్చుకోవడం) అన్న మాట వినగానే గుండె గుభేలుమంటుంది. 1919 డిసెంబరులో యజమాని హ్యారీ ఫ్రేజీ బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేశాడు. దానితోపాటు ఫెన్‌వే పార్కును తాకట్టు పెట్టి యాంకీస్ యజమాని దగ్గర అప్పు కూడా తీసుకున్నాడు. 1918లో వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచిన బోస్టన్ మళ్లీ గెలిచింది 2004లో. ఇలాంటి చరిత్ర ఉన్న జట్టును ప్రేమించేవాళ్లకు తమ ఆటగాడు వెళ్లిపోతున్నాడంటే కోపం రావడంలో వింతేమీ లేదు. నాకూ వస్తుంది. అయితే ఆ కోపం సరైన మనిషి మీదికి వెళ్లాలన్నది నా పట్టుదల. అందుకోసం నేను పాటించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. మీ జట్టు ఏదైనా ఇది పనికొస్తుంది.

మొదట ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి. జీతాల మీద ఎంత ఖర్చు పెట్టాలో యజమాని నిర్ణయిస్తాడు. ఆ డబ్బుతో ఎవరిని తెచ్చుకోవాలో, ఎవరిని పంపేయాలో జనరల్ మేనేజర్, లేదా ఆయన పైన ఉండే బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి చూస్తాడు. వీళ్లనే ఫ్రంట్ ఆఫీసు అంటారు. డగౌట్‌లో యూనిఫాం వేసుకుని కూర్చునే మేనేజర్‌కు దక్కేది ఆ రోజు బ్యాటింగ్ క్రమం, బంతి వేసే పిచర్‌ను ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం. ఓడిన రోజు టీవీలో కనిపించేది ఈయన ముఖమే కాబట్టి తిట్లన్నీ ఈయనకే పడతాయి. చాలాసార్లు అది అన్యాయం.

మూకీ బెట్స్ సంగతే తీసుకోండి. 2018లో అమెరికన్ లీగ్ ఎంవీపీ (ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడు), అదే ఏడాది వరల్డ్ సిరీస్ విజేత, బోస్టన్ తన మైనర్ లీగ్ జట్లలో పెంచి పెద్దచేసిన ఆటగాడు. 2020 ఫిబ్రవరిలో అతన్ని, పిచర్ డేవిడ్ ప్రైస్‌ను కలిపి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు పంపేశారు. బదులుగా అలెక్స్ వెర్డుగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్ వచ్చారు. ఆ ట్రేడ్ చేసింది అప్పటి బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి హైమ్ బ్లూమ్ కాబట్టి అభిమానులు ఏళ్ల తరబడి అతన్నే దుమ్మెత్తిపోశారు. తేదీలు చూడండి. బ్లూమ్ ఆ కుర్చీలో కూర్చున్నది 2019 అక్టోబరు చివర్లో. జీతాల మొత్తాన్ని లగ్జరీ ట్యాక్స్ పరిమితి అయిన 20.8 కోట్ల డాలర్ల లోపు తేవాలన్న లక్ష్యాన్ని యాజమాన్యం అంతకు నెల ముందే బహిరంగంగా చెప్పింది. 2018లోనూ 2019లోనూ బోస్టన్ ఆ పరిమితి దాటింది. వరసగా మూడో ఏడు దాటితే అదనపు ఖర్చు మీద పన్ను 50 శాతం. ఒక్క ఏడాది కిందికి దిగితే లెక్క మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది. బెట్స్ ఒక్కడి జీతమే ఆ ఏడాది 2.7 కోట్ల డాలర్లు. ప్రైస్‌కు మిగిలిన మూడేళ్ల 9.6 కోట్లలో సగం తామే భరిస్తూ అతన్ని కూడా వదిలించుకున్నారంటే, ఈ ట్రేడ్ అసలు దేనికోసం జరిగిందో ఇట్టే తెలిసిపోతుంది. ప్రతిఫలంగా వచ్చినవాళ్లు సరిపోలేదన్న తప్పు బ్లూమ్‌ది. బెట్స్‌ను నిలుపుకోలేదన్న తప్పు యజమానులది. బెట్స్ అదే ఏడాది జూలైలో డాడ్జర్స్‌తో 12 ఏళ్లకు 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబరులో వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఈ గాయం నాకింకా మానలేదు.

ఇక ట్రేడ్ వార్త చేతికి వచ్చినప్పుడు పేర్ల వెంట పరుగెత్తకుండా, ఒక్కొక్క ఆటగాడి మీద జట్టుకు ఎన్నేళ్ల హక్కు మిగిలి ఉందో లెక్కపెట్టండి. మేజర్ లీగ్‌లో 172 రోజులు జాబితాలో ఉంటే ఒక సర్వీసు సంవత్సరం. మామూలుగా మొదటి మూడేళ్లూ ఆటగాడు కనీస జీతానికి దగ్గర్లో ఆడతాడు. 2025లో ఆ కనీసం 7,60,000 డాలర్లు. తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే బేరం కుదరకపోతే మధ్యవర్తులు జీతం తేల్చే దశ. ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, ఇష్టమైన జట్టుకు వెళ్లిపోవచ్చు. కాబట్టి ఇరవై రెండేళ్ల కుర్రవాడికీ, సీజన్ అయిపోగానే ఒప్పందం ముగిసే సీనియర్‌కూ మధ్య మారకం జరిగితే మీరు తూస్తున్నది ఆరేళ్లను రెండు నెలలతో.

దీనికి అసలైన పాఠం 1990 ఆగస్టు 30న జరిగింది. బోస్టన్ తన డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తన గ్రూపులో, ముందంజలో ఉంది, చివరి ఇన్నింగ్స్‌లలో నిలబడే పిచర్ కావాలి. హ్యూస్టన్ ఆస్ట్రోస్ నుంచి లారీ ఆండర్సన్‌ను తెచ్చుకుని, మైనర్ లీగ్‌లలో డబుల్ ఏ స్థాయిలో ఆడుతున్న జెఫ్ బ్యాగ్‌వెల్‌ను ఇచ్చేసింది. ఆండర్సన్ 22 ఇన్నింగ్స్ వేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చినవి 1.23 పరుగులు, అంటే అద్భుతం. జట్టు డివిజన్ గెలిచింది. ప్లేఆఫ్స్‌లో ఓక్లాండ్ చేతిలో నాలుగింటికి నాలుగూ ఓడింది. చలికాలంలో ఆండర్సన్ ఫ్రీ ఏజెంట్‌గా వెళ్లిపోయాడు. బ్యాగ్‌వెల్ 449 హోమ్ రన్లు కొట్టి 2017లో హాల్ ఆఫ్ ఫేమ్ చేరాడు.

ఫలితం తెలిశాక దీన్ని తిట్టడం ఎవరికైనా తేలికే. ఆ రోజు చేతిలో ఏ కాగితాలున్నాయో అవే మీ ముందు పెట్టుకోండి. బ్యాగ్‌వెల్ ఆ ఏడాది .333 సగటుతో (మూడు ప్రయత్నాలకొక హిట్) కొట్టాడు, హోమ్ రన్లు నాలుగే. అతను ఆడేది థర్డ్ బేస్, అక్కడ బోస్టన్‌కు వేడ్ బాగ్స్ ఉన్నాడు. 449 హోమ్ రన్లు వస్తాయని ఎవరూ చెప్పలేని రోజు అది. అయినా నేను దీన్ని తప్పుడు ట్రేడ్ అనే అంటాను. ఎందుకంటే .333 కనిపిస్తూనే ఉంది, అతని మీద ఆరేళ్ల హక్కూ కనిపిస్తూనే ఉంది, బదులుగా తెచ్చుకున్నది చివరి నెల అవసరం కోసమే అని కూడా ఆ రోజే తెలుసు. ఒక నెల పిచర్‌కు ఇవ్వదగిన కుర్రవాళ్లు ఏ జట్టుకైనా ఇంకా కొందరుంటారు. ఫలితాన్ని పక్కన పెట్టినా తప్పు తప్పుగానే నిలబడితేనే దాన్ని తప్పు అనండి.

జనం ప్రేమించే ఆటగాడు పోయాడన్నది మాత్రం ఎప్పటికీ కొలబద్ద కాదు. 2004 జూలై 31న అప్పటి జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్ నోమార్ గార్సియాపారాను పంపేశాడు. రెండుసార్లు బ్యాటింగ్ చాంపియన్ అయిన షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), ఊరంతటికీ ఆరాధ్యుడు. నాలుగు జట్ల మధ్య జరిగిన ఆ మారకంలో బోస్టన్‌కు వచ్చినవాళ్లు ఓర్లాండో కబ్రెరా, డగ్ మెంకేవిచ్. పేర్లు పక్కపక్కన పెడితే గుండె మండుతుంది. కానీ నోమార్‌ను గాయం వేధిస్తోంది, ఒప్పందం ఆ ఏడాదితో ముగుస్తోంది, ఇన్‌ఫీల్డ్‌లో బంతులు జారిపోతున్నాయి. జట్టుకు కావలసినది చేతుల్లో పనితనం. అదే రోజు వేరే ట్రేడ్‌లో డేవ్ రాబర్ట్స్ వచ్చాడు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో యాంకీస్‌తో నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సెకండ్ బేస్ దొంగిలించి (బంతి కొట్టకముందే పరుగెత్తి చేరి) సిరీస్‌ను బతికించినవాడు అతనే. వరల్డ్ సిరీస్ చివరి అవుట్‌కు ఫస్ట్ బేస్ దగ్గర బంతి అందుకున్నవాడు మెంకేవిచ్. ఆ జట్టు క్యాచర్ జేసన్ వారిటెక్, ఆ ప్లేఆఫ్స్ మూడు సిరీస్‌లలోనూ ఆఖరి మ్యాచ్ గెలిచిన పిచర్ డెరెక్ లో ఇద్దరూ 1997 జూలై 31న సియాటిల్ నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల కోసం ఇచ్చింది హీత్‌క్లిఫ్ స్లోకమ్ అనే ఒక్క రిలీఫ్ పిచర్‌ను (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్). 1990లో మనం చేసిన పనే ఏడేళ్లకు సియాటిల్ చేసింది.

రఫాయెల్ డెవర్స్ ట్రేడ్‌కు వచ్చేసరికి ఇంకో ప్రశ్న జోడించాలి: గొడవ ఎక్కడ మొదలైంది? 2023 జనవరిలో అతనికి పదేళ్లకు 31.35 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2025లో అలెక్స్ బ్రెగ్‌మన్‌ను తెచ్చి థర్డ్ బేస్ అతనికిచ్చి, డెవర్స్‌ను బ్యాటింగ్‌కే పరిమితం చేశారు. మే నెలలో ఫస్ట్ బేస్ ఆడే ట్రిస్టన్ కాసస్ గాయపడితే ఫస్ట్ బేస్ ఆడమన్నారు. డెవర్స్ కాదన్నాడు. జూన్ 15న, యాంకీస్‌ను మూడు మ్యాచ్‌లలోనూ ఓడించిన రోజే, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు పంపేశారు. మిగిలిన 25 కోట్ల డాలర్లకు పైబడిన జీతమంతా జెయింట్స్ నెత్తిన పడింది. ఆటగాడు మొండికేశాడన్నది నిజం. అతనితో ముందే కూర్చుని మాట్లాడాల్సిన బాధ్యత ఫ్రంట్ ఆఫీసుదన్నది అంతకంటే పెద్ద నిజం. బోస్టన్ ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు చేరింది కాబట్టి ట్రేడ్ మంచిదని తేలిపోయిందనే వాదన నాకు ఒప్పుదల కాదు. దక్కిన జీతం డబ్బును తర్వాతి సీజన్లలో దేని మీద ఖర్చు పెడతారన్నదే దాని అసలు తీర్పు.

ఏ ట్రేడ్‌లోనైనా ఆటగాడిని తిట్టకండి. సెయింట్ లూయిస్ కార్డినల్స్ 1969లో కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు పంపితే, నేను అమ్ముడుపోయే సరుకును కానంటూ అతను కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు, కెరీర్ అప్పటికే ముగిసిపోయింది. 1975లో మధ్యవర్తి తీర్పుతో ఫ్రీ ఏజెంట్ హక్కు వచ్చింది, దాని ఫలం అనుభవించింది తర్వాతివాళ్లు. పదేళ్ల సర్వీసు ఉండి, చివరి ఐదేళ్లూ ఒకే జట్టులో ఆడినవాడు నేడు ట్రేడ్‌ను నిరాకరించవచ్చు. తక్కిన వాళ్లలో ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించుకోనివాళ్లందరూ ఫోను మోగగానే పెట్టె సర్దుకోవాల్సిందే.

యజమానిని తూచడం కష్టం, లెక్కలు బయటికి రావు కాబట్టి. నష్టాల్లో ఉన్నామని ఎవరైనా అంటే అట్లాంటా బ్రేవ్స్ నివేదికలు తెరవండి. ఆ జట్టు షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ కాబట్టి మూడు నెలలకోసారి ఆదాయం చెప్పక తప్పదు. ఏడాది రాబడి 60 కోట్ల డాలర్లు దాటుతోందని అందులోనే ఉంది. మిగతా జట్ల మాటలను దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు. ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధికి ఇస్తుంది, దాన్ని 30 జట్లూ సమానంగా పంచుకుంటాయి. అందుకే చిన్న మార్కెట్ జట్టు నిజంగా పేదదా అని అడిగేటప్పుడు ఈ వాటాను కలిపి చూడాలి.

ఒక్క ఏడాది జీతాల మొత్తం చూసి యజమానిని పిసినారి అనకండి, ఐదేళ్లవి వరసగా పెట్టండి. పైవాళ్లను ఎంత తరచుగా మారుస్తున్నాడో కూడా చూడండి. ప్రస్తుత యాజమాన్యం 2002లో వచ్చాక బోస్టన్ 2004, 2007, 2013, 2018లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఈ నాలుగు ట్రోఫీలనూ మరిచి వాళ్లను తిట్టడం న్యాయం కాదు. కానీ 2013 జట్టును కట్టిన బెన్ చెరింగ్టన్ 2015 ఆగస్టులో వెళ్లిపోయాడు. 2018 జట్టును కట్టిన డేవ్ డాంబ్రౌస్కీని ఏడాది తిరగకుండానే తొలగించారు. బ్లూమ్‌ను 2023 సెప్టెంబరులో పంపేశారు. కుర్చీలో మనిషి ఇంత త్వరగా మారుతుంటే ఆరేళ్ల హక్కు ఉన్న కుర్రవాడి విలువ ఆ మనిషికి ఏం పట్టుతుంది? అతను ఉండేది నాలుగేళ్లే.

స్టేడియానికి వెళ్లకపోతే యజమాని దిగివస్తాడని కొందరు నమ్ముతారు. ఓక్లాండ్ అభిమానులు 2023 జూన్ 13న దానికి తిరగేసి చేశారు: జట్టును అమ్మెయ్యమని రాసిన ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని స్టేడియానికి తరలివచ్చారు, ఆ రాత్రి హాజరు 27,759. జట్టు 2024 తర్వాత ఊరు విడిచి వెళ్లిపోయింది. అయినా జనం రాలేదు కాబట్టి వెళ్తున్నాం అన్న సాకును ఆ రాత్రి వాళ్లు లాగేసుకున్నారు. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

ఇక మేనేజర్. క్రికెట్‌లో కెప్టెన్ బౌలర్‌ను ఆపి మళ్లీ తేవచ్చు. ఇక్కడ బయటికి వెళ్లిన పిచర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ రాడు. అందుకే ఈ ఒక్క నిర్ణయాన్ని తూచడం నేర్చుకుంటే మేనేజర్ పని చాలావరకు అర్థమైనట్టే. 2003లో యాంకీస్‌తో ఏడో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్, బోస్టన్ 5-2 ఆధిక్యం. బోస్టన్ పిచర్ పెడ్రో మార్టినెజ్ అలసిపోయాడు. యాంకీస్ తరఫున డెరెక్ జీటర్ డబుల్, బెర్నీ విలియమ్స్ సింగిల్, 5-3. బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ నడుచుకుంటూ పిచర్ దగ్గరికి వెళ్లి, మాట్లాడి, అతన్ని అక్కడే ఉంచి తిరిగొచ్చాడు. మాత్సుయి డబుల్, పొసాడా డబుల్, 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్‌తో అంతా అయిపోయింది. ఆ అక్టోబరు అంతా బాగా వేసిన టిమ్లిన్, ఎంబ్రీ బుల్‌పెన్‌లో (రిలీఫ్ పిచర్లు సిద్ధమయ్యే చోట) ఉన్నారు. పెడ్రో అప్పటికే వంద బంతులు దాటాడు. రెండూ లిటిల్ కళ్ల ముందే ఉన్నాయి కాబట్టి ఇది ఆయన తప్పు.

2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్ దీనికి తలకిందులు చేశాడు. అతని పిచర్ బ్లేక్ స్నెల్ 73 బంతులకు తొమ్మిది స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుట్లు), రెండే హిట్లు, 1-0 ఆధిక్యం. తర్వాత రావాల్సిన డాడ్జర్స్ బ్యాటర్లు బెట్స్, సీగర్, టర్నర్ అప్పటిదాకా ఆరుసార్లు వచ్చి ఆరుసార్లూ స్ట్రైకౌట్ అయ్యారు. అయినా బ్యాటర్లు మూడోసారి ఎదుర్కొనేటప్పుడు పిచర్ బలం తగ్గుతుందన్న లెక్కతో తీసేశాడు. నిక్ ఆండర్సన్ వచ్చాడు, రెండు పరుగులు వెళ్లాయి, సిరీస్ వెళ్లింది. అందరూ స్నెల్‌ను తీయడాన్నే తిడతారు. నేను ఆండర్సన్‌ను ఎంచుకోవడాన్ని తప్పు పడతాను: దానికి ముందు వరసగా ఆరు మ్యాచ్‌లలో అతను పరుగులిచ్చాడు. మార్పును చూసేటప్పుడు వెళ్లేవాడి లెక్కతోపాటు వచ్చేవాడి లెక్క కూడా చూడండి. కొత్త రిలీఫ్ పిచర్, ఇన్నింగ్స్ ముగిస్తే తప్ప, కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలన్న నిబంధన 2020 నుంచి ఉంది కాబట్టి ఆ ముగ్గురు ఎవరో కూడా చూడాలి.

వీటన్నిటికీ ఒక నోటు పుస్తకం చాలు. ట్రేడ్ జరిగిన రాత్రే తేదీ వేసి, ఎవరి మీద ఎన్నేళ్ల హక్కు, జీతం ఎవరు కడుతున్నారు, జట్టు ఆ రోజు పట్టికలో ఎక్కడుంది, నిర్ణయం ఎవరిది అన్నవి రాయండి. కింద మీ అభిప్రాయం. మూడేళ్ల తర్వాత దాన్ని తెరవండి, అంతకుముందు దిద్దకండి. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2022లో కుదిరిన ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1. కొత్తది వచ్చాక పుస్తకం మొదటి పేజీలో ముందుగా మార్చాల్సినవి మూడు: కనీస జీతం, 2026కు 24.4 కోట్ల డాలర్లుగా ఉన్న లగ్జరీ ట్యాక్స్ పరిమితి, ఫ్రీ ఏజెంట్ కావడానికి పట్టే ఏళ్లు.