మన బల్ల మీద మాయాలోకం – 6వ పాఠం: యాళి పిల్ల ఎంతకిస్తావు?

ముందు పోయిన పాఠం లెక్క. కూలివాడు ఒక్కరోజు సంపాదనతో మన సంతలో ఏం కొనగలడో చూసి రమ్మన్నాను. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, మనలాగా ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు అందులో పాత్రలుగా ఆడే ఆట) 2014 నాటి ఐదో ఎడిషన్ ధరల పట్టికలో మామూలు కూలి రోజుకు 2 వెండి, కోడి 2 రాగి. వెండికి 10 రాగులు కాబట్టి రోజు కూలికి పది కోళ్ళు! ఆదివారం పొద్దున ఒంగోల్లో చికెన్ కొట్టు ముందు నిలబడ్డవాళ్ళెవరికైనా ఈ లెక్క చెప్పి చూడండి. పట్టిక పనికిరాదని కాదు, అది ఎక్కడ తేలిపోతుందో తెలిసి వాడుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఒక మాట: ఆటలోని బంగారు నాణెం, గోల్డ్ పీసును, మా బల్ల దగ్గర వరహా అంటాం. వరహాకు 10 వెండి, 100 రాగి.

ఈసారి జంతువుల ధరలు. గుర్రం, గాడిద పట్టికలోనే ఉన్నాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. పట్టికలో లేని జంతువును ఆటగాళ్ళు అడిగినప్పుడే మనకు చెమటలు పడతాయి.

నాకు పట్టాయి. రెండేళ్ళ కిందట ఉదయగిరి కోటని మనసులో పెట్టుకుని ఒక కొండకోట కథ రాసుకున్నాను. మూడు వేల అడుగుల పైచిలుకు కొండ, మెట్లదారి, వరసగా బురుజులు, ఒక్కో ద్వారం దగ్గర ఒక్కో చిక్కు. అసలు ఉదయగిరిని పట్టడానికి కృష్ణదేవరాయలంతటివాడికి ఏడాది పైనే పట్టింది, 1514లో గానీ లొంగలేదు. మా ఆటగాళ్ళకి నలభై నిమిషాలు పట్టింది. ఎందుకంటే కొండ కింద సంతలో, సరదాగా ఉంటుంది కదా అని, నేనొక యాళి పిల్లను అమ్మకానికి పెట్టాను. గుడి స్తంభాల మీద చూస్తుంటామే, సింహం ఒళ్ళు, ఏనుగు తొండం, అదే. స్తంభాల మీద ఉండేది కాబట్టి నిట్టనిలువు గోడ కూడా ఎక్కుతుందని రాశాను. "ఎంత?" అన్నారు. దాని బలం అంకె చూసి, గుర్రం కంటే కాస్త తక్కువలే అనుకుని, "300 వరహాలు" అన్నాను. చందాలేసుకుని కొన్నారు, దాని నడుముకు తాడు కట్టారు, వెనక గోడ ఎక్కేశారు. మూడు వారాలు కూర్చుని రాసుకున్న ద్వారాలు ఇప్పటికీ నోట్‌బుక్‌లో అలాగే ఉన్నాయి.

మొదట ధర తక్కువ చెప్పానని బాధపడ్డాను. తర్వాత లెక్క వేస్తే తప్పు 300 దగ్గర లేదని తేలింది. ఎక్కడుందో చివర్లో చూద్దాం.

జంతువు బలాన్ని బట్టి ధర పెట్టడం అందరూ చేసే మొదటి పొరపాటు. అదే పట్టికలో గాడిద 8 వరహాలు, స్వారీ గుర్రం 75, ఏనుగు 200, యుద్ధపు గుర్రం 400. ఏనుగు గుర్రాన్ని ఒక్క తొక్కు తొక్కితే పచ్చడి. అయినా ధర సగమే. చాలామంది దీన్ని రాసినవాళ్ళ తెలివితక్కువ కింద తీసేస్తారు. నేనలా అనుకోను. ఏనుగును కొనేవాడు 200తో బయటపడడు కదా.

మేత లెక్క చూడండి. పట్టికలో రోజు మేత 5 రాగులు, బరువు 10 పౌన్లు. ఏ జంతువుకో రాయలేదు, అన్నిటికీ అదే. గుర్రానికి సరే. నిజం ఏనుగు రోజుకు 150 కిలోల దాకా తింటుంది, అంటే సుమారు 330 పౌన్లు, 33 మేతలు. రోజుకు 165 రాగులు, ఒకటిన్నర వరహా పైనే. 121 రోజులు తిరిగేసరికి ఏనుగు తన ఖరీదంత తినేస్తుంది. ఏడాదికి 600 వరహాలు దాటుతుంది. ఇంకా మావటికి జీతం ఇవ్వలేదు. గుర్రమేమీ తక్కువది కాదు: రోజుకు మేత 5 రాగులు, సత్రంలో కట్టేసినందుకు 5 వెండి, ఏడాదికి 200 వరహాలు. 75 పెట్టి కొన్న గుర్రం!

కాబట్టి మొదటి సూత్రం: ఏ జంతువు ధరైనా చెప్పే ముందు అది ఏడాదికి ఎంత తింటుందో రాసుకోండి. మాంసం తినేదైతే మేకల్లో లెక్క కట్టండి, మేక పట్టికలో సరిగ్గా ఒక వరహా. ఈ ఒక్క పని చేస్తే సగం గొడవలు ఉండవు.

రెండోది వయసు. కొండపి వైపు మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తాత ఎద్దుల బేరానికి నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. ఆయన ముందు జంతువును చూసేవాడు కాదు, నోరు చూసేవాడు. ఒక చేత్తో ముక్కుతాడు పట్టుకుని, ఇంకో చేత్తో కింది పెదవి కిందకి లాగి, "రెండు పళ్ళు" అనేవాడు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. మన బండలాగుడు పోటీల్లో విభాగాల పేర్లు కూడా ఇవే కదా. రెండేళ్ళు దాటాక మొదటి జత శాశ్వత పళ్ళు వస్తాయి, అక్కణ్ణుంచి జత జతకీ ధర మారుతుంది. ఎనిమిదీ వచ్చాక ఇక పళ్ళు వయసు చెప్పవు, అరిగినతనం చెబుతాయి. మీ ఆటలో కూడా ప్రతి వింత జంతువుకు ఈ మెట్లు పెట్టుకోండి. పిల్ల, కుర్రది, పనికి వచ్చింది, ముసలిది. నాలుగూ నాలుగు ధరలు.

ఆట పాత పుస్తకాల్లో దీనికి మంచి ఆధారం ఉంది. మూడున్నర ఎడిషన్‌లో గ్రిఫన్ (గద్ద తల, రెక్కలు, సింహం ఒళ్ళు ఉన్న జంతువు) గుడ్డు 3,500, పిల్ల 7,000, పెంచి మచ్చిక చేసిపెడితే శిక్షకుడికి 1,500. గుడ్డు ధర పిల్లలో సగమే ఎందుకు? ఆ గుడ్డు పొదగొచ్చు, మురిగిపోవచ్చు. ఆ అనుమానం ఖరీదే మిగతా 3,500. ఇదే మూడో సూత్రం, ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది: మధ్యలో చచ్చిపోతే నష్టం ఎవరిదో తేలకుండా ధర తేలదు.

దీనికి మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 16వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ సాళువ నరసింహరాయల సంగతి రాశాడు. హోర్ముజ్, ఏడెన్‌ల నుంచి ఓడల్లో వచ్చే గుర్రాలను రాయలు వెయ్యి పర్దావులకు మూడు చొప్పున కొనేవాడట, బతికున్నా చచ్చినా. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి డబ్బు ఇచ్చేవాడు. పర్దావు అంటే పోర్చుగీసుల నోట మన వరహాయే. గుర్రం ఒక్కటికి 333 వరహాలు. ఆట పుస్తకంలో యుద్ధపు గుర్రం 400. ఇది చూసిన రోజు నేను కుర్చీలోంచి లేచి ఇంట్లో వాళ్ళందరికీ చెప్పాను, ఎవరికీ పట్టలేదు. ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటాం గానీ, రాయలు గుర్రం తోకకీ అదే ధర కట్టాడు. పిచ్చితనమేం కాదు. దారి నష్టం తన నెత్తిన వేసుకుంటేనే ఓడలు తన రేవుకి వస్తాయని ఆయనకు తెలుసు.

ఇక యాళి పిల్ల లెక్క చేద్దాం. కాగితం తీసుకోండి.

ముందు అమ్మేవాడి వైపు నుంచి. అడవికి ఆరుగురు వేటగాళ్ళు, 30 రోజులు. పనితనం ఉన్నవాడికి పట్టికలో రోజుకు 2 వరహాలు, మొత్తం 360. మూడు పిల్లలు దొరికాయి, దారిలో ఒకటి చచ్చింది. 360ని మూడుతో కాదు, రెండుతో భాగించాలి, అంటే 180. సంత దాకా 40 రోజులు, రెండు రోజులకో మేక, 20. కలిపి 200. కోట ద్వారం దగ్గర సుంకం పదో వంతు, 20. వ్యాపారికి 220 పడింది. అంతకు తక్కువకు ఇవ్వడు.

ఇప్పుడు కొనేవాడి వైపు. ఎదిగిన, మచ్చికైన యాళి ఎంత చేస్తుంది? పట్టికలో దానికి దగ్గరి పని చేసేది యుద్ధపు గుర్రం, 400. దీనికి గోడ ఎక్కే విద్య అదనం. ఎగిరే గ్రిఫన్ పిల్లే యుద్ధపు గుర్రానికి పదిహేడు రెట్లు పలికింది కాబట్టి గోడ ఎక్కడానికి మూడు రెట్లు వేద్దాం, 1,200. (ఈ మూడు నా అంచనా. మీ కథంతా కోటగోడల చుట్టూ తిరిగేదైతే అయిదు వేయండి.) ఇందులోంచి పెంపకం తీసేయాలి. రెండేళ్ళపాటు రెండు రోజులకో మేక, 365. మచ్చిక చేయడానికి ఆరు వారాలు, రోజుకు 2, అది 84. రెండూ కలిపి 449, 450 అనుకోండి. మిగిలింది 750. అంతకు మించి పెడితే కొనేవాడు బుద్ధిలేనివాడు.

220కి, 750కి మధ్య బేరం. ఈ రెండు అంకెలు మీ దగ్గరుంటే ఆటగాడు ఎలా బేరమాడినా మీకు టెన్షన్ ఉండదు.

ఒక మెలిక ఉంది. ఇలాంటి పిల్లలు మూడింట్లో ఒకటి ఎదగకుండా చచ్చిపోతుందని మీ లోకంలో పెట్టారనుకోండి. 1,200లో మూడింట రెండు వంతులే లెక్కలోకి వస్తుంది, 800. చచ్చేలోపు తిన్నది ఎలాగూ పోయినట్టే కాబట్టి మేత తగ్గించను. 800లోంచి 450 పోతే 350. కొనేవాడి హద్దు 750 నుంచి ఒక్కసారిగా 350కి పడిపోయింది! అదే వ్యాపారి "చస్తే తోక తీసుకురా అన్నా, డబ్బు తిరిగిస్తా" అన్నాడనుకోండి, డబ్బు మూడింట రెండుసార్లే అతని దగ్గర ఉండిపోతుంది కాబట్టి మళ్ళీ 525 దాకా అడగొచ్చు. మావాళ్ళు ఈ తోక ఒప్పందానికి ఎంత అలవాటు పడ్డారంటే, ఇప్పుడు చెక్క తలుపు కొన్నా తోక ఉందా అని అడుగుతున్నారు.

ఇక నా 300 సంగతి. 220 పైన, 350 కింద. ధర సరిగ్గానే ఉంది! గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను గానీ, పడ్డచోటు మంచిదే. తప్పెక్కడంటే, పాలపళ్ళ పిల్లను కొన్నరోజే ఎదిగిన జంతువులా గోడ ఎక్కనిచ్చాను. మచ్చిక లేదు, మేత అడగలేదు, ఆరు వారాలు ఆగమనలేదు. ధర తీసుకున్నది పిల్లకి, ఇచ్చింది పెద్దదాన్ని.

జత గురించి రెండు ముక్కలు. ఒంగోలు ఎడ్ల బేరంలో కొమ్ము, ఒళ్ళు, నడక కలిసిన జత దొరికితే విడివిడి ధరల కూడిక కంటే ఎక్కువ పలుకుతుంది. ఆటలో దీనికి తోడు ఇంకో ప్రమాదం, ఆడ, మగ రెండూ కొంటే మీవాళ్ళు సాహసాలు మానేసి పశువుల దొడ్డి పెట్టుకుంటారు. పెట్టుకోకపోతే ఆశ్చర్యం. మన గిత్తల సంతతే బ్రెజిల్‌లో నెల్లూరు పేరు మీద నెలోర్ అయింది. 2023లో అక్కడ వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలంలో 14.4 లక్షల డాలర్లకు పోయింది. ఆ లెక్కన ఆవు మొత్తం ఖరీదు 43 లక్షల డాలర్లు. పాలకు కాదు, సంతానానికి. వింత జంతువును ఈనే జత కింద అమ్మితే ధర కనీసం మూడింతలు చేయండి, లేదా ఒక్కటే అమ్మండి.

బేరం ఆడించే పద్ధతి ఒకటి చెప్పి ఆపుతాను. సంతలో దళారులు తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. మొహాలు ఎటో చూస్తుంటాయి, ఒకడు చుట్ట కాలుస్తుంటాడు, ఇంకొకడు అటు పోయేవాణ్ణి పలకరిస్తాడు. తువ్వాలు మాత్రం కదులుతుంటుంది. మా బల్ల మీద ఇప్పుడు ఒక తువ్వాలు పర్మనెంటుగా ఉంటుంది. వేలికి వంద. మొన్న మా బావ యాళి కోసం చెయ్యి పెట్టి మూడు వేళ్ళు నొక్కాడు. నేను ఆరు నొక్కాను.

"ఏందబ్బయ్యా, సుడి చూశావా? మెడ కింద ఉంది, యజమానికి అరిష్టం," అన్నాడు.

నేను సుడి గురించి అసలు రాసుకోలేదు. కానీ బల్ల చుట్టూ నలుగురూ నా మొహమే చూస్తున్నారు. ఆరు ముఖాల పాచిక వేశాను, ఒకటి పడింది. సుడి ఉన్నట్టే. నాలుగు వేళ్ళకి దిగాను.

అప్పటి నుంచి ప్రతి జంతువుకీ ముందే ఒక లోపం రాసిపెట్టుకుంటున్నాను. సుడి, కుంటితనం, రాత్రిపూట అరుపు, పాత యజమాని పిలిస్తే పరిగెత్తడం. కొనేవాడు అడిగితేనే చెప్పండి. అడక్కపోతే రెండు వారాల తర్వాత బయటపెట్టండి. ఇంకొకటి, జంతువును ముందు చూపించండి. బర్రెను నీళ్ళలో పెట్టి బేరమాడినట్టు అంకె మాత్రం చెబితే ఎవడూ సుడి వెతకడు.

అభ్యాసం. గండభేరుండం పిల్ల. రెండు తలలు, ఎగురుతుంది, ఏనుగును మోస్తుంది. పట్టుకోవడానికి పదిమంది వేటగాళ్ళు, 60 రోజులు, నలుగురు తిరిగి రారు, వాళ్ళ ఇళ్ళకు ఒక్కోదానికి 100 వరహాలు ఇవ్వాలి. గూట్లో రెండే పిల్లలు, దారిలో చావు లేదు. ఎదగడానికి అయిదేళ్ళు, రోజుకు రెండు మేకలు. అమ్మేవాడి హద్దు కట్టడం తేలిక. కొనేవాడి హద్దు కడితే ఒక చోట పెన్ను ఆగుతుంది. ఆగినచోట గీత గీసి ఉంచండి, 7వ పాఠం అక్కణ్ణుంచే మొదలు.