మనవలతో అరిసెలు వండాలంటే

మా పిల్లలు ఊళ్లో దిగేది భోగి ముందు రోజే. అప్పుడు బియ్యం నానబోస్తే పని జరగదు. కిలో బియ్యం ఒకరోజు ముందే నానబెట్టి, నీళ్లు వంచి, తడి ఆరకముందే పిండి పట్టించండి. జల్లించి, నొక్కి, గుడ్డ కప్పి ఉంచాలి. పొడిబారితే అరిసె విరిగిపోతుంది.

బెల్లం ముప్పావు కిలో. అసలు టెన్షన్ పాకం దగ్గరే. పళ్లెంలో చన్నీళ్లు పోసి మనవరాలి ముందు పెట్టండి. అందులో చుక్క పాకం వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. జారిపోతే ఇంకాస్త కాగనివ్వండి, గట్టిపడి టక్కుమంటే ముదిరినట్టే. మా చిన్నది ఆ ఉండ గుటుక్కున మింగేసి "ఇంకా రాలేదు నానమ్మా" అంటుంది, ఇంకో చుక్క కోసం!

దించి నెయ్యి, నువ్వులు, ఏలకుల పొడి వేయండి. కోడలు పిండి పోస్తుంటే కొడుకు కలపాలి. జిమ్ముకెళ్లి పెంచిన కండలు ఇక్కడ పనికొస్తాయి. అరిటాకు మీద తట్టడం పిల్లలది. వంకరగా వచ్చినా ఏమీ అనకండి. నూనె మూకుడు దగ్గరికి మాత్రం నేనెవరినీ రానివ్వను. వేగినవాటిని చెక్కల మధ్య నొక్కి నూనె తీసేయాలి.

భోగి సాయంత్రం భోగిపళ్లకు చిన్న రేగుపళ్లే ఏరండి. కింద చాప పరవండి, చిల్లర కోసం పెద్ద పిల్లలు ఎగబడతారు.