ఈ వారం మన ఊళ్లో వాన ఉందా? వాతావరణ సూచన చదవడం ఎలా?

ఫోను తెరిచి చూస్తే బాపట్లకు వారమంతా ఒకే బొమ్మ: మబ్బు, దాని కింద మూడు చుక్కలు, పక్కన 60 శాతం. నవంబరు చివర వరి కోసి పనలు పొలంలోనే ఉంచిన రైతుకు ఆ బొమ్మతో ఒరిగేదేమీ లేదు. కుప్ప వేయాలా, ఇంకో రెండు రోజులు ఆరనివ్వాలా అన్నది తేల్చుకోవాలంటే వాన ఎప్పుడు, ఎంత, దేనివల్ల అన్నవి తెలియాలి. ఆ 60 శాతం వాన పడే అవకాశం గురించే చెబుతుంది. తుంపరా, కుంభవృష్టా అన్నది దాంట్లో ఉండదు. కావలసిన వివరాలు వాతావరణ శాఖ విడుదల చేసే సూచనలో ఉంటాయి. సూర్యలంక సముద్రానికి దగ్గరగా, కృష్ణా డెల్టా అంచున ఉన్న బాపట్లనే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

1. ముందుగా, రోజు అంటే ఏమిటో సరిచూసుకోండి

ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి, తెలంగాణకు హైదరాబాద్ వాతావరణ కేంద్రాలు జిల్లాలవారీగా సూచనలు ఇస్తాయి. వాతావరణ శాఖకు రోజంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. సోమవారానికి చెప్పిన వాన మంగళవారం తెల్లవారుజామున పడినా సూచన ఫలించినట్టే. చాలామంది సోమవారం సాయంత్రానికే తిట్లు మొదలుపెడతారు.

వారం మొత్తాన్నీ ఒకే రకంగా నమ్మకండి. మొదటి మూడు రోజుల మీద పనులు పెట్టుకోండి. ఆ తర్వాతి రోజుల సూచనను రోజూ మళ్లీ చూడండి.

2. మాటల వెనక కొలత పట్టుకోండి

అసలు విషయం ఇక్కడే ఉంది. ‘ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు’ అన్న వాక్యాన్ని అలవాటుగా దాటేస్తాం. నిజానికి అందులో ప్రతి మాటకూ ఒక అంకె ఉంది.

‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన నమోదవుతుందని. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం కేంద్రాల్లో. ‘చాలా చోట్ల’ అంటే సగానికి పైన. జిల్లాకు మొదటి మాట చెప్పారంటే మీ ఊరు తడవకపోయే అవకాశమే ఎక్కువ.

ఇక పరిమాణం. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి వాన. 64.4 వరకు మోస్తరు. 64.5 నుంచి 115.5 వరకు భారీ, 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. మోస్తరు అన్న మాట ఎంత పెద్ద సంచో చూడండి: 16 మిల్లీమీటర్లూ మోస్తరే, 60 కూడా మోస్తరే. పది మిల్లీమీటర్ల వాన ఎకరానికి దాదాపు 40 వేల లీటర్ల నీరు. అందుకే మోస్తరు అన్నారు కదా అని కోసిన పంటను వదిలేయడం తెలివైన పని కాదు.

3. రంగు చూడండి

ఆకుపచ్చ అయితే హెచ్చరిక లేదు. పసుపు అయితే గమనిస్తూ ఉండాలి. నారింజ అయితే సిద్ధం కావాలి. ఎరుపు అయితే వెంటనే జాగ్రత్తలు తీసుకోవాలి.

4. కారణం వెతకండి

సూచన మొదట్లో ఉపరితల ఆవర్తనం (పైన గాలులు సుడిగా తిరిగే చోటు), ద్రోణి (గాలి ఒత్తిడి తగ్గిన పొడవాటి పట్టీ), అల్పపీడనం (చుట్టుపక్కల కంటే గాలి ఒత్తిడి తగ్గిన ప్రాంతం) అన్న మాటలు కనిపిస్తాయి. ఇవి పత్రికల వాళ్ల అలంకారాలు కావు. ద్రోణి వల్ల పడే జల్లులు ఒక ఊరిని తడిపి పక్క ఊరిని వదిలేయవచ్చు. బంగాళాఖాతంలో బలపడే అల్పపీడనం జిల్లా మొత్తాన్నీ ముంచగలదు.

అల్పపీడనం బలపడి గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను. మిచాంగ్ 2023 డిసెంబరు 5న తీవ్ర తుపానుగా బాపట్ల దగ్గరే తీరం దాటింది. సరిగ్గా వరి కోతల కాలం. 2010 మే 20న లైలా కూడా ఇక్కడే తీరం దాటింది.

తుపాను వార్తలో ముందుగా చూడవలసింది తీరం దాటే చోటు. మన అర్ధగోళంలో గాలులు తుపాను కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. కేంద్రం మనకు దక్షిణంగా తీరం దాటితే గాలి సముద్రం మీద నుంచి వస్తుంది, ఉప్పెన ముప్పు మన వైపు ఎక్కువ. ఉత్తరంగా దాటితే గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒక పాత కిటుకు కూడా ఉంది. గాలికి వీపు పెట్టి నిలబడితే కేంద్రం దాదాపుగా మీ ఎడమచేతి వైపు ఉంటుంది. దీన్ని గాలివాన మధ్యలో బయట నిలబడి పరీక్షించకండి. ముందు రోజు చూసుకుంటే చాలు.

5. ఎండాకాలంలో గాలి దిక్కు చూడండి

తీరంలోని ఊళ్లకు మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలే ఆసరా. మే, జూన్ నెలల్లో పడమటి గాలి బలంగా ఉంటే అది ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఆ రోజుల్లో సముద్రం పక్కన ఉండి కూడా బాపట్ల మాడిపోతుంది. కాబట్టి డిగ్రీలతో పాటు సూచనలో గాలి దిక్కు కూడా చదవండి. మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేనే వడగాడ్పు ప్రసక్తి వస్తుంది. తీరంలో 37 డిగ్రీలకు చేరి, అది సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే చాలు. తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

6. పిడుగులకు వారం సూచన చాలదు

ఉరుముల మేఘం గంటా రెండు గంటల్లో పెరుగుతుంది. దానికి మూడు గంటల ముందస్తు హెచ్చరికలు, పిడుగుల సమాచారమిచ్చే దామిని యాప్ చూడాలి. మెరుపు మెరిసినప్పటి నుంచి ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. ముప్పై సెకన్లలోపే వినిపిస్తే పక్కా భవనంలోకి వెళ్లండి. చెట్టు కిందికి మాత్రం వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి.

7. మీ ఊరి లెక్క మీరు రాయండి

అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బాను, చెట్లకూ గోడలకూ దూరంగా, కదలకుండా పెట్టండి. రోజూ ఉదయం 8:30కి అందులోని నీటి ఎత్తును స్కేలుతో కొలిచి, ఆ రోజు సూచన పక్కనే రాసుకోండి. మిల్లీమీటరు ఎత్తు నీరంటే మిల్లీమీటరు వాన. ఒక కాలం గడిచేసరికి ఏ గాలికి మీ ఊళ్లో వాన పడుతుందో, ఏ గాలికి తప్పిపోతుందో కాగితం మీద కనిపిస్తుంది. వ్యవసాయదారులు దీనితో పాటు మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలనూ చదవాలి; మందు పిచికారీ ఎప్పుడు ఆపాలో, కోత ఎప్పుడు మొదలుపెట్టాలో వాటిలో పంటలవారీగా ఉంటుంది.