విదేశీ మిషన్ బడికి టీచరుగా వెళ్లాలంటే: రాయగడ, పర్లాకిమిడి, బరంపురం తెలుగువాళ్లు చేసుకోవలసిన ఏర్పాట్లు

ఈ సేవకు దేవుని పిలుపు ఉందా లేదా అన్నది మీరూ మీ సంఘమూ ప్రార్థనలో తేల్చుకోవలసిన సంగతి. ఆ తర్వాత చేయాల్సిన పనుల గురించే ఈ వ్యాసం. ఎక్కువమంది చిక్కుకుపోయేది ఆ పనుల దగ్గరే. కాపరి (పాస్టర్) గారు చేతులుంచి ప్రార్థన చేసి పంపాక, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా వచ్చి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నవాళ్లు ఉంటారు. అక్కడికి చేరాక డెబ్బై మంది పిల్లల ముందు నోరు పెగలక నిలబడిపోయినవాళ్లూ ఉంటారు.

తెలుగువాళ్లకు ఇది కొత్త దారి కాదు. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారిని తెలుగు బాప్టిస్టులు తమ సొంత హోం మిషనరీ సొసైటీ తరఫున దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు. అక్కడి తోటల్లో కూలికి కుదిరిన తెలుగువాళ్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్లు కూడా ఉన్నారు. అప్పటికి గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అయితే ఒక తేడా ఉంది. ఆయన తన భాష మాట్లాడేవాళ్ల దగ్గరికి వెళ్లారు. మీరు వెళ్లేది తెలుగు ఒక్క ముక్క కూడా రాని పిల్లల దగ్గరికి.

మొదట ఒక ఏడాది కొండ బడిలో

సరిహద్దు జిల్లాలవాళ్లకు ఉన్న పెద్ద సదుపాయం ఇదే. గుణుపురం నుంచి బస్సెక్కి రెండు గంటలు వెళ్తే సవర భాష మాట్లాడే గిరిజన పిల్లలు, రాయగడ వైపు కువి మాట్లాడే పిల్లలు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, తరగతిలో పిల్లల భాష ఇంకొకటి. విదేశంలో ఎదురయ్యే పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. బి.ఎడ్. లేదా డి.ఎల్.ఎడ్. పూర్తయ్యాక కనీసం ఒక పూర్తి విద్యా సంవత్సరం అలాంటి బడిలో పాఠం చెప్పండి. వి.బి.ఎస్.లో (సెలవుల బైబిలు బడిలో) పదిరోజులు పాటలు నేర్పించడం ఈ లెక్కలోకి రాదు.

ఒడిశా ప్రభుత్వం 2007 నుంచి సవర, కుయి, కువి వంటి భాషల్లో చిన్న తరగతులకు బహుభాషా విద్య నడుపుతోంది. ఆ వాచకాలు సంపాదించి చూడండి. సొంత భాషలో చదవడం పట్టుబడిన పిల్లవాడు రెండో భాషను ఎలా అందుకుంటాడో అందులో కనిపిస్తుంది.

ఉమ్మడి భాష లేని తరగతిలో నలభై నిమిషాల పాఠానికి ఒక కొలత చెబుతాం. మొదటి ఐదు నిమిషాలు కిందటి రోజు మాటలు. తర్వాతి పది నిమిషాలు మీరు చెబుతూ చేసి చూపించడం: లే, కూర్చో, తలుపు తెరువు, రాయి అందుకో. పిల్లలు మాట్లాడక్కర్లేదు, చేస్తే చాలు. ఆ తర్వాత పది నిమిషాలు జంటలుగా ఒకరు చెప్పడం, ఒకరు చేయడం. పది నిమిషాలు పలక మీద రాత. చివరి ఐదు నిమిషాల్లో, అర్థం కాలేదని మీకు అనుమానం ఉన్న నలుగురిని విడిగా అడగండి. కొత్త మాటలు రోజుకు ఆరు లేదా ఎనిమిది, అంతకు మించొద్దు. ఇరవై మాటలు నల్లబల్ల నిండా రాసేస్తే పిల్లలు గొంతెత్తి వల్లిస్తారు. పాఠం బ్రహ్మాండంగా నడిచిందని మీకు అనిపిస్తుంది. మర్నాడు అడిగితే ఒక్కటీ రాదు.

దేశం, టీచరు రిజిస్ట్రేషన్, వీసా

మిషన్ బడి అయినా అక్కడి ప్రభుత్వ చట్టం వర్తిస్తుంది. కెన్యాలో టీచర్స్ సర్వీస్ కమిషన్, జాంబియాలో టీచింగ్ కౌన్సిల్ ఆఫ్ జాంబియా, దక్షిణాఫ్రికాలో సౌత్ ఆఫ్రికన్ కౌన్సిల్ ఫర్ ఎడ్యుకేటర్స్ దగ్గర నమోదు ఉండాలి. మీ బి.ఎడ్.కు ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉందో లేదో ఇక్కడే చూసుకోండి.

టూరిస్టు వీసా మీద వెళ్లి పాఠాలు చెప్పొద్దు. ‘జీతం తీసుకోవట్లేదు కదా’ అన్నది చాలా దేశాల్లో చెల్లే మాట కాదు. ఉచితంగా చేసినా అది పనే. వర్క్ పర్మిట్టో, మిషనరీ వీసానో పిలిచే బడి పేరు మీదే రావాలి. ‘ముందు వచ్చేయండి, తర్వాత మార్పిస్తాం’ అనే బడి ఉంటే అక్కడితో ఆపేయండి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒడిశాలో బడి ఏప్రిల్‌లో, ఆంధ్రలో జూన్‌లో మొదలవుతుంది. కెన్యా, జాంబియా, దక్షిణాఫ్రికాల్లో జనవరిలో. అంటే జనవరిలో తరగతిలో ఉండాలంటే కాగితాల పని అంతకు ముందటి ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే మొదలుపెట్టాలి.

కాగితాలు: ఇక్కడే ఎక్కువ ఆలస్యం

మొదటి చిక్కు పేరు. పది సర్టిఫికెట్‌లో ‘బి. అప్పన్న’, ఆధార్‌లో ఇంటిపేరు చివర, డిగ్రీలో మొదట, బాప్తిస్మపు పేరు సామ్యేలు. ఊళ్లో అందరూ సామ్యేలు మాస్టారనే అంటారు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. ఒడియా నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు రావు, రో, రాఓ అని మూడు రకాలుగా పడటమూ మామూలే. పది సర్టిఫికెట్‌లోని పేరును మూలంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేయించండి. బాప్తిస్మపు పేరు వాడుకలో ఉంచుకోండి, దరఖాస్తులో రాయకండి. రాయక తప్పకపోతే గెజిట్‌లో పేరుమార్పు ప్రకటన కావాలి.

ఒడిశావాళ్లకు ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం భువనేశ్వర్‌లో, గడ్చిరోలి వైపువాళ్లకు నాగపూర్‌లో. పెద్దవాళ్లకు 36 పేజీల పాస్‌పోర్టు మామూలు రుసుము 1,500 రూపాయలు. పది పాసైన సర్టిఫికెట్ జతచేస్తే ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేని పాస్‌పోర్టు వస్తుంది. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు 500. పిల్లలతో పనిచేసేవాళ్లను ఇది అడిగి తీరతారు, పాతబడితే ఒప్పుకోరు. అందుకని మరీ ముందుగా తీసుకోవద్దు.

రెండో చిక్కు రాష్ట్రం సరిహద్దు. మనవాళ్ల చదువు తరచూ ఇలా ఉంటుంది: పది రాయగడలో, డిగ్రీ శ్రీకాకుళంలో, బి.ఎడ్. విజయనగరంలో. ఏ రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఆ రాష్ట్రమే ధ్రువీకరించాలి. పదో తరగతిది ఒడిశాలో, మిగతా రెండూ ఆంధ్రప్రదేశ్‌లో. మూడూ ఒకే కవరులో భువనేశ్వర్ పంపితే రెండు వెనక్కి వస్తాయి. ఆ తర్వాతే విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర. అక్కడ మనం నేరుగా ఇవ్వడం కుదరదు, శాఖ గుర్తించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. భారత్ ఈ ఒప్పందంలో 2005 నుంచి ఉంది. దక్షిణాఫ్రికా, మలావి, ఫిజీ, ఫిలిప్పీన్స్ కూడా సభ్యదేశాలే. సభ్యత్వం లేని దేశానికైతే ఢిల్లీలోని వాళ్ల ఎంబసీ ముద్ర కూడా కావాలి. ఒడియాలో ఉన్న కాగితాలకు నోటరీ చేసిన ఇంగ్లిష్ అనువాదం జతచేయండి.

ఒప్పందం, డబ్బు

బడి నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవలసినవి: వారానికి ఎన్ని పీరియడ్లు, ఏ తరగతులు, ఇల్లు ఎవరిది, రానుపోను విమాన ఛార్జీ ఎవరిది, జబ్బు చేస్తే ఎవరు భరిస్తారు, ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి, మధ్యలో రావలసివస్తే ఏం చేయాలి. ‘దేవుడే చూసుకుంటాడు’ అనే మాట ఈ కాగితంలో రాకూడదు. తిరుగు టికెట్టుకు సరిపడా సొమ్ము, మూడు నెలల ఖర్చు మీ పేరు మీదే బ్యాంకులో ఉంచండి.

సంఘం నెలనెలా కానుక పంపుతానంటే దాన్ని ఎవరి ఖాతా నుంచి పంపుతారో అడగండి. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు తన ఆదాయాన్ని విదేశంలో ఖర్చుపెట్టాలంటే ఆదాయపు పన్ను శాఖ ముందస్తు అనుమతి కావాలి. లేకపోతే ఆ మేరకు మినహాయింపు పోతుంది. కోశాధికారి గారు మంచి మనసుతో చేసిన పని ఆడిట్‌లో సంఘం మెడకు చుట్టుకుంటుంది. పంపే ముందే ఆడిటరును అడగాలి.

ఒంటికి సంబంధించినవి

కెన్యా, ఉగాండా వంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. ఒక్క మోతాదు జీవితాంతం చెల్లుతుంది, కానీ వేసిన పదో రోజు నుంచే సర్టిఫికెట్ అమల్లోకి వస్తుంది. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

‘మలేరియా మధ్యే పెరిగాం, మాకేమవుతుంది’ అని కొరాపుట్, మల్కన్‌గిరివాళ్లు ధీమాగా ఉంటారు. ఆ ధీమా పనికిరాదు. డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజూ వేసుకుని, ఆ ప్రాంతం వదిలాక నాలుగు వారాలు కొనసాగించాలి. చాలామంది తప్పేది ఆ చివరి నాలుగు వారాల దగ్గరే. తిండి విషయంలో మాత్రం కొరాపుట్‌వాళ్లకు దిగుల్లేదు. మండియా (రాగి) జావ, అంబలి అలవాటున్న నోటికి జాంబియా మొక్కజొన్న ముద్ద పరాయిగా అనిపించదు.

తరగతిలో మొదటి టర్ము

బోధన సామగ్రి కోసం చింతపిక్కలు, గురివింద గింజలు మూటగట్టుకు వెళ్లొద్దు. విత్తనాలను విమానాశ్రయంలో ఆపేస్తారు, పైగా గురివింద విషం. అక్కడే వంద సోడా మూతలు ఏరించండి. పదులు, ఒకట్లు చెప్పడానికి అవి చాలు.

అంకెల్లో మన అలవాటు దెబ్బతీస్తుంది. 1,00,000 అని రాస్తే అక్కడి పిల్లలకు అర్థం కాదు, కెన్యా, జాంబియాల్లో 100,000 అని రాయాలి. లక్ష, కోటి లేవు, వేలు, మిలియన్లే. దక్షిణాఫ్రికాలో దశాంశ బిందువుకు బదులు కామా పెడతారు: మూడున్నరను 3,5 అని రాస్తారు. ఇంగ్లిష్ జెడ్ శబ్దం తెలుగులో లేదు. జాంబియాలో ఆ దేశం పేరునే మీరు ‘జ’తో పలికితే తరగతి గొల్లుమంటుంది. వెళ్లే ముందు రెండు వారాలు రోజూ పది నిమిషాలు ఆ ఒక్క శబ్దాన్నే సాధన చేయండి.

బెత్తం ఇక్కడే వదిలేయండి. మన 2009 విద్యాహక్కు చట్టం, దక్షిణాఫ్రికా 1996 పాఠశాలల చట్టం రెండూ కొట్టడాన్ని నిషేధించాయి. అక్కడి తోటి టీచర్లు కొట్టినా మీరు కొట్టొద్దు.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం వద్దు. ఏ పిల్లవాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ట్యూషనైనా, ప్రార్థనైనా ఇంకో పెద్దమనిషి కంటికి కనబడాలి. హాస్టల్ గదుల్లోకి ఇద్దరుగా వెళ్లాలి. ఒక్కరికే కానుకలు, చాక్లెట్లు ఇవ్వకూడదు. సంఘానికి పంపే నివేదికలో పిల్లల ముఖం, పేరు, ఊరు కలిసి రాకూడదు. ‘ఈ అనాథ బిడ్డకు సాయం చేయండి’ అని వాట్సాప్‌లో ఫొటో పెడితే ఆ బిడ్డకు ఎప్పటికీ చెరగని ముద్ర పడుతుంది. పైగా తల్లి బతికే ఉండవచ్చు.

విశ్వాసం, తరగతి గది

లెక్కల పీరియడ్‌లో లెక్కలే. బైబిలు వాక్యం చెప్పే సమయం టైంటేబుల్లో విడిగా ఉండాలి, తల్లిదండ్రుల అనుమతితో ఉండాలి. మార్కులు, భోజనం, హాస్టల్ సీటు, ఫీజు మాఫీ వీటిలో ఏదీ ఆరాధన హాజరుతో ముడిపడకూడదు. ముడిపెడితే పిల్లవాడు ‘ఆమేన్’ అనేది అన్నం కోసం.

చట్టమూ చూసుకోవాలి. ప్రలోభంతో మతం మార్పించడాన్ని నిషేధించే మతస్వేచ్ఛ చట్టం ఒడిశాలో 1967 నుంచి ఉంది కాబట్టి ఆ మాట బరువు మనకు తెలుసు. నేపాల్‌కు వెళ్లడానికి భారతీయులకు వీసా అక్కర్లేదు, అందుకే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2018 నుంచి అమల్లో ఉన్న అక్కడి శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడం నేరం: ఐదేళ్ల దాకా జైలు, విదేశీయుడైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేయడం. అలాంటిచోట టీచరుగా మాత్రమే ఉండగలనని మనసులో ఖాయం చేసుకున్నవాళ్లే వెళ్లాలి.

తిరిగి వచ్చేటప్పుడు

టర్ము మధ్యలో వదలకండి. వచ్చేవారికి ప్రతి పిల్లవాడి గురించి రెండు వాక్యాలు రాసి పెట్టండి: ఏది వచ్చు, ఎక్కడ ఆగాడు. బడి నుంచి అనుభవ ధ్రువపత్రం, అక్కడి పోలీసు క్లియరెన్స్ ఆ దేశంలో ఉండగానే తీసుకోండి. ఇంటికొచ్చాక ఇక్కడినుంచి తెప్పించడం నెలల పని. పసుపు రంగు టీకా కార్డు చేతిసంచిలోనే ఉంచుకోండి. ఎల్లో ఫీవర్ దేశం నుంచి అది లేకుండా దిగితే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచేస్తారు.