టెన్త్ కెమిస్ట్రీకి పాత క్వశ్చన్ పేపర్లు ఎలా వాడాలి

ప్రీ ఫైనల్స్ దగ్గర పడ్డాయంటే మా గాజువాక సైడు జిరాక్స్ షాపుల్లో ఒకటే రద్దీ, ఏ పిల్లాడి చేతిలో చూసినా పాత పేపర్ల కట్టే. తీయించుకోవడం మంచిదే గానీ, చాలామంది చేసేదేంటంటే గైడ్‌లో ఆన్సర్ పక్కన పెట్టుకుని చదివేసి పేపర్ అయిపోయిందనుకుంటారు. దానివల్ల ఏం లాభం లేదండి. పాత పేపరుతో మనకి పని ఒక్కటే, మనకి వచ్చు అనుకున్నది పుస్తకం మూసి రాయగలమా లేదా తేల్చుకోవడం. ట్యూషన్‌లో పిల్లలతో నేను చేయించే పద్ధతి రాస్తున్నా, ఇంట్లో కూర్చుని ఎవరైనా చేసుకోవచ్చు.

ముందు పేపర్లు ఏరుకోవాలి. ఏపీలో 2024-25 నుంచి టెన్త్‌కి ఎన్‌సీఈఆర్టీ సిలబస్ వచ్చింది, అంటే 2025 పబ్లిక్ నుంచి ఉన్న పేపర్లే నేరుగా మీ పుస్తకం మీద ఇచ్చినవి. అంతకు ముందువి పాత పుస్తకానివి, వాటిలో క్వాంటం సంఖ్యలు, సంకరీకరణం లాంటి ప్రశ్నలుంటాయి, అవి కొట్టేయండి, మీకు అక్కర్లేదు. సమీకరణాలు, ఆమ్లాలు క్షారాలు, లోహాలు, కార్బన్ మీద ఉన్నవి మాత్రం ఏరి పెట్టుకోండి. 2020, 2021లో కరోనా వల్ల పబ్లిక్ పరీక్షలే జరగలేదు కాబట్టి ఆ రెండేళ్ల పేపర్ల కోసం వెతుక్కోవద్దు. ఇంతేనా ఉన్నవి అనిపిస్తే సీబీఎస్ఈ టెన్త్ సైన్స్ పేపర్లు తీసుకోండి, వాళ్లదీ ఎన్‌సీఈఆర్టీయే, పైగా వాళ్ల సైట్‌లో మార్కింగ్ స్కీమ్ కూడా ఉంటుంది, ఏ స్టెప్‌కి అర మార్కు, ఏ పాయింట్‌కి ఒక మార్కు అని విడదీసి రాసుంటుంది. పేపర్ ప్యాట్రన్ వేరే అయినా ఆ స్కీమ్ చూస్తే దిద్దేవాళ్లు దేనికి మార్కు వేస్తారో బాగా అర్థమవుతుంది, నన్నడిగితే తెలుగు మీడియం పిల్లలు కూడా టీచర్‌ని పక్కన పెట్టుకుని ఒక్కసారైనా చూడాలి.

మొదట్లోనే ఫుల్ పేపర్ మీద పడకండి. ఒక చాప్టర్ చదవడం, ఆ చాప్టర్‌వి అన్ని పేపర్లలోంచి తీసి ఒకచోట రాసుకోవడం, పుస్తకం మూసేసి ఆన్సర్లు రాయడం. టైమ్ లెక్క ఈజీనే, ఫిజికల్ సైన్స్ 50 మార్కులు, 2 గంటలు, మార్కుకి 2 నిమిషాలు అనుకుంటే 8 మార్కుల ప్రశ్నకి 16 నిమిషాలు, ఇంకా చివర్లో 20 నిమిషాలు చదువుకోడానికీ చెక్ చేసుకోడానికీ మిగుల్తాయి. రాకపోతే ఖాళీ వదిలేయండి, ఆ ఖాళీయే మీకు కావాల్సింది, మధ్యలో పుస్తకం తెరిచారంటే ఏది రాదో తెలీకుండా పోతుంది.

అసలు పని ఆన్సర్ రాసేశాక మొదలవుతుంది. ఒక ప్రశ్న తీసుకుని చెప్తా. ఇనుప మేకుల ప్రయోగం, మూడు పరీక్ష నాళికలు. మొదటిదాంట్లో మామూలు నీళ్లు, రెండోదాంట్లో మరిగించిన స్వేదనజలం పైన కొంచెం నూనె, మూడోదాంట్లో అనార్ద్ర కాల్షియం క్లోరైడ్, మూడిటికీ బిరడా పెట్టి కొన్నాళ్లు ఉంచుతారు, మొదటిదాంట్లో మేకులకే తుప్పు పడుతుంది. మన వైజాగ్ పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు, బీచ్ దగ్గర ఇళ్ల గేట్లకీ కిటికీ గ్రిల్స్‌కీ ఏటా పెయింట్ వేసినా ఎలా తుప్పు పట్టేస్తాయో చూస్తూనే ఉంటారు, గాలిలో తేమకి తోడు ఉప్పు కూడా ఉంటుంది కదా. అయితే పరీక్షలో ఈ ప్రయోగాన్ని ఎటు నుంచైనా అడగొచ్చు. నీళ్లు ఎందుకు మరిగించారు? కరిగి ఉన్న గాలి పోవడానికి. నూనె ఎందుకు? బయటి గాలి మళ్లీ నీళ్లలో కరక్కుండా. కాల్షియం క్లోరైడ్ ఎందుకు? తేమ పీల్చేయడానికి. ఏం తేలింది? తుప్పు పట్టాలంటే గాలి, నీరు రెండూ కావాలి. పటం గీసి భాగాలు గుర్తించు అనొచ్చు, నివారించే పద్ధతులు చెప్పు అనొచ్చు, అప్పుడు పెయింటు, గ్రీజు, గాల్వనైజింగ్, మిశ్రమ లోహాలు రాస్తారు. కాబట్టి పాత ప్రశ్న ఒకటి రాశాక దాని కింద ఇంకో మూడు ప్రశ్నలు మీరే తయారు చేసుకుని వాటికీ రాయండి. ఈసారి ఏ ప్రశ్నలొస్తాయి అని వీడియోల చుట్టూ తిరిగే టైమ్‌లో ఇది చేస్తే ఎటు తిప్పి అడిగినా రాసేస్తారు.

తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని మీరే దిద్దుకోండి, జాలి పడొద్దు. కెమిస్ట్రీలో మార్కులు పోయేది ఎక్కువగా చిన్న చిన్న చోట్లే. ఎర్రగా కాలిన ఇనుము మీద నీటి ఆవిరి పంపితే ఐరన్ ఆక్సైడ్, హైడ్రోజన్ వస్తాయని అందరూ రాస్తారు, కానీ తుల్యం చేసేటప్పుడు ఇనుము ముందు 3, నీటి ముందు 4, హైడ్రోజన్ ముందు 4 రావాలి, ఆ ఆక్సైడ్‌లో ఇనుము 3, ఆక్సిజన్ 4 ఉంటాయని గుర్తులేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. అలాగే లెడ్ నైట్రేట్ వేడి చేస్తే ఏం గమనిస్తారు అని అడిగితే కొందరు నైట్రోజన్ డయాక్సైడ్ అని పేరొక్కటే రాసి ఊరుకుంటారు, ప్రశ్నలో గమనిస్తారు అని ఉంది కదా, గోధుమ రంగు పొగలు అని ముందు రాసి తర్వాత వాయువు పేరు రాయాలి. తప్పు పోయిన ప్రతిదాని పక్కన ఎందుకు పోయిందో రెండు ముక్కలు రాసుకోండి, చదవలేదా, చదివినా గుర్తు రాలేదా, ప్రశ్నే సరిగ్గా చూడలేదా అని. మూణ్ణాలుగు రోజులాగి ఆ తప్పులు మాత్రమే మళ్లీ రాయండి, మళ్లీ తప్పితే వారం తర్వాత ఇంకోసారి.

నాలుగు చాప్టర్లూ ఇలా అయ్యాక ఫుల్ పేపర్లు, అది కూడా ఫిజిక్స్‌తో కలిపి, ఆదివారం పొద్దున 9:30కి కూర్చుని 11:30కి పెన్ను కింద పెట్టేయాలి. ఇంట్లో గోల ఎక్కువైతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోటికి వెళ్లి రాసుకోండి. అమ్మానాన్నలకి కెమిస్ట్రీ రాకపోయినా ఫర్వాలేదు, ఆ రెండు గంటలు ఫోన్ తీసి దాచి టైమ్ చూస్తే చాలు.

పరీక్ష ముందు రెండు రోజులు కొత్త పేపర్ ముట్టుకోకండి, ఎర్ర పెన్ను పడ్డ పేజీలే చూసుకోండి, బొమ్మలు చేత్తో గీయండి. నీటి విద్యుత్ విశ్లేషణ బొమ్మలో కాథోడ్ వైపు నాళికలో వాయువు రెండింతలు ఉన్నట్టు గీయాలి, అది హైడ్రోజన్, ఆనోడ్ వైపు ఆక్సిజన్, రెండూ సమానంగా గీసేశారంటే బొమ్మ ఎంత నీట్‌గా ఉన్నా అక్కడ తప్పే.